వియ్యపురాలి చేతి పోగులు

జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా నా చేతి వంట లేకుండా జరిగిన పెళ్ళి లేదని మా వీధిలో చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నేను గరిటె పట్టానని తెలిస్తే పెళ్ళికొడుకు తాళి సంగతి మరిచిపోయి ముందు పంక్తిలో కూర్చునేవాడని కూడా అన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వంటమాస్టర్లు నన్ను మసాలాల దగ్గరికే రానిచ్చేవాళ్ళు కాదు. నా పని సంగటి కెలకడం. మరిగే ఎసట్లో రాగిపిండి పోసి, కట్టెతో ఉండ కట్టకుండా తిప్పి, తడిచేత్తో ముద్దలు చేయడం. అదొక్కటే నాకు వచ్చిన విద్య. నా కోడలి విషయంలో కొంప ముంచిందీ అదే.

కోడలిది నైజీరియా. అక్కడ ఇగ్బోలనే జనం ఉంటారు, ఆమె వాళ్ళ పిల్ల. మా వాడు ఆ దేశంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే పనికి పోయి, కొన్నేళ్ళకు ఆమెను పెళ్ళి చేసుకుని వెంటబెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడు. నా భార్య పోయాక ప్రొద్దుటూరు ఇంట్లో మేం ముగ్గురమే. వియ్యపురాలికి వంద ఎకరాల తోట ఉందని నేను వీధంతా చాటాను. నిజానికి ఆమె సంతలో గంప పెట్టుకుని అమ్ముకునే మనిషి. ఆమెను నేను ఫోన్లో తప్ప చూడలేదు. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఆమె అక్కడ చేటలోంచి ఎండిన తెల్లటి పోగులు పిడికెడు ఎత్తి చూపేది, నేను ఇక్కడ సంగటి ముద్ద ఎత్తి చూపేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. వియ్యంకుల మధ్య అంతకన్నా మంచి సంభాషణ నేనెక్కడా చూడలేదు.

ఆ పోగులను అబాచా అంటారు. మన సగ్గుబియ్యం తయారయ్యే కర్రపెండలం దుంపనే ఉడకబెట్టి, సన్నటి పోగులుగా కోరి, రాత్రంతా నీళ్ళలో నానేసి, ఎండలో గలగలలాడేదాకా ఎండబెడతారు. తినాలనుకున్నప్పుడు చన్నీళ్ళలో కాసేపు ఉంచి వడగట్టి, ఎర్రటి పామాయిలు, ఉప్పు, మిరపకాయ పట్టించి, పైన పచ్చి ఆకుకూర సన్నగా తరిగి చల్లుకుంటారు. పోగు పోగు విడివిడిగా ఉండాలి. అదే దాని అందం. వాళ్ళ ఆకులు ఇక్కడ దొరకవు. అందుకని కోడలు మార్కెట్టులో ఒక్కొక్క ఆకూ తుంచి నోట్లో వేసుకుని చూసి, చివరికి తోటకూర, కాస్త చేదు కోసం మెంతికూర ఖాయం చేసుకుంది. ఆకుకూరలమ్మే ఆమె నన్ను ఆపి, "ఏందప్పా, మీ కోడలు గొర్రె మాదిరి పచ్చాకు నములుతాంది" అంది. నేను నోరు తెరిచేలోపే కోడలు, "గొర్రె దుడ్లు ఇయ్యదు గదక్కా, నేను ఇస్తాండా" అంది. మూడేళ్ళలో మా భాష అలా పట్టేసింది.

ఆమెకు ఎనిమిదో నెల నడుస్తుండగా వాళ్ళమ్మ పోయింది. ఆ స్థితిలో విమానం ఎక్కే మాటే లేదు. అంత్యక్రియలు ఫోన్లో చూసింది. గుంతలో మట్టి వేసే సమయానికి సిగ్నలు లేక బొమ్మ ఆగిపోయింది. ఎవరిదో చెయ్యి, ఆ చేతిలో పార, అంతే. ఆ కదలని బొమ్మనే చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. తాగలేదు.

అంతకు ముందు ఏడాది, బెంగళూరికి వచ్చే వాళ్ళ ఊరి మనిషి చేత వాళ్ళమ్మ తాను ఎండబెట్టిన అబాచా పంపింది. అందులో కొంత స్టీలు డబ్బాలో మిగిలి ఉంది. నెల తిరిగాక ఒకరోజు కోడలు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాతో చెప్పింది.

"మీరు పెద్దలకు పెట్టుకుంటారు గదా మామా, నేనూ ఆదివారం మా అమ్మకు పెట్టుకుంటా. సగం ఆమెకు. ఇంగ సగం దాచిపెడ్తా. నా బిడ్డకు పండ్లొచ్చినాక తినిపియ్యాల. మా అమ్మ చెయ్యి ఎట్లుంటాదో దానికీ తెలియాల గదా."

ఆదివారం పొద్దున మా వాడు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. కోడలు ఆకుకూరకని మార్కెట్టుకు బయల్దేరుతూ, తాను వచ్చి నానేసుకుంటానని, డబ్బా ముట్టుకోవద్దని చెప్పి పోయింది. నాకు స్పష్టంగా వినబడింది. చెవుడు మీద నెట్టడానికి లేదు.

అప్పటికప్పుడు పొయ్యి మీద వండని తిండి పెద్దల ముందు పెట్టడం మన వైపు లేదు కాబట్టి ఆ పని చేశానని తర్వాత కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ కొంత నిజమే. అసలు నిజం వేరు. వియ్యపురాలికి పెద్దల వంట నా చేత్తో చేశానని సాయంత్రం వీధిలో చెప్పుకోవాలనిపించింది. ఎసరు పెట్టాను. డబ్బాలో ఉన్నదంతా గుమ్మరించాను. పోగులు మెత్తబడి ఒకదాన్నొకటి అంటుకోవడం మొదలైంది. అక్కడ ఆపినా ఏదో మిగిలేది. కానీ గిన్నెలో ఏదైనా అంటుకుంటోందంటే నా చెయ్యి ఊరుకోదు. మూలనున్న సంగటి కట్టె తీసుకున్నాను. ఒడుపుగా కెలికాను. ఒక్క ఉండ లేదు, ఒక్క పోగు లేదు. చెయ్యి తడుపుకుని నున్నటి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టాను. అంత నున్నటి ముద్ద పులివెందుల పెళ్ళిళ్ళలో కూడా చేసి ఉండను. ఇది మాత్రం కోత కాదు.

కోడలు ఆకుకూర కట్టలతో వచ్చింది. పళ్ళెం చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

"అంతా ఏసినావా మామా?"

"అంతా" అన్నాను. ఆమె ముఖం చూశాక నా నోరు తన పని తాను చేసుకుపోయింది. డబ్బా మూత వదులుగా ఉందనీ, పోగులకు తేమ తగిలి పురుగు పట్టిందనీ, ఇంకొక్క దినం ఆగితే మొత్తం పారేయాల్సి వచ్చేదనీ, వేడినీళ్ళు పోసి నేనే దక్కించాననీ చెప్పాను. పురుగు ఎంత పొడవుందో వేలు మీద చూపించాను కూడా.

ఆమె నమ్మింది. "నేనే మూత సరిగా పెట్టల్యా" అని మెల్లగా అంది. ఆ ముద్ద మీదే ఆకుకూర తరిగి చల్లి, వాళ్ళమ్మ ఫోటో ముందు పెట్టి దండం పెట్టుకుంది. మా వాడు డ్యూటీ నుంచి వచ్చి, అత్తకు సంగటి పెట్టారేమని అడిగాడు. ముగ్గురం తలా కొంచెం తిన్నాం. జిగురుగా సాగింది. దేని రుచీ తగల్లేదు. కోడలు రెండు ముద్దలు మింగి, మూడోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె వంటింట్లో ప్రతి డబ్బా మూతా తీసి మళ్ళీ గట్టిగా పెట్టింది. ఉప్పు డబ్బాది కూడా. నాలుగో రోజు నేను ఉండబట్టలేక పురుగు లేదని, మూత గట్టిగానే ఉందని చెప్పేశాను. ఆమె అరుస్తుందనుకున్నాను.

"పోగులు పోయినాయంటే పోయినాయి. అబద్ధం ఎందుకు చెప్పినావు మామా? మూడు దినాల నుంచి నన్ను నేనే తిట్టుకుంటాండా."



ఆడపిల్ల పుట్టింది. పిల్లకు పండ్లు వచ్చే వేళకు, సేలం వైపు సిమెంటు తోలే లారీ డ్రైవరు చేత మా వాడు కర్రపెండలం దుంపలు తెప్పించాడు. కోడలు పిల్లను ఒళ్ళో వేసుకుని చెబుతూ ఉంటే నేను ఆమె చెప్పినట్టే చేశాను. తొక్క తీయమంటే తీశాను, ఉడకబెట్టి ఆరనివ్వమంటే ఆరనిచ్చాను, కోరేటప్పుడు పోగు తెగితే మళ్ళీ మొదలుపెట్టాను. రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున కడిగి మిద్దె మీద ఎండబోశాను. మన ఎండకు రెండు దినాల్లో గలగలలాడాయి. తెల్లగా, సన్నగా, విడివిడిగా వచ్చాయి. ఫోన్లో వియ్యపురాలు చూపించిన వాటిలాగే ఉన్నాయని నాకనిపించింది. చన్నీళ్ళలో వేసి వడగట్టి, ఆమె చెప్పినట్టు అన్నీ కలిపి, తోటకూర, మెంతికూర చల్లి ఆమె ముందు పెట్టాను.

కోడలు ఒక పిడికెడు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. నేను ఆగలేక, వాళ్ళమ్మ చేసినట్టే ఉందా అని అడిగాను. ఆమె ఇంకొక పిడికెడు తీసుకుంది. అదీ నమిలింది.

"ఎట్ల చెప్పాల మామా. మా అమ్మది ఎట్లుండెనో ఇప్పుడు మతికి రాల్యా."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. పిల్లకు పెట్టకుండానే పళ్ళెం నా వైపు జరిపి, పాలివ్వడానికి లోపలికి పోయింది. నేను ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. బాగుందో లేదో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.