ఆయన దులిపి వేసిన కుర్చీ

సహోదరులారా, సహోదరీలారా, పోయిన మిరపకోతలప్పుడు మీ రాహేలమ్మ మంచంలో ఎముకల మూటై పడి ఉంది, పక్కకు తిప్పితే వీధంతా వినబడేట్టు అరిచేది, 'నన్ను తీసుకుపో తండ్రీ' అనే ప్రార్థన తప్ప ఇంకొకటి నోట రాలేదు. అలా ఎందుకు పడ్డానో దాచకుండా చెబుతాను, తప్పు నాదే గనుక.

తొమ్మిదేళ్ల కిందట మిరప కళ్లంలో జారిపడి తుంటి విరిగితే నరసరావుపేటలో కృత్రిమ కీలు వేశారు. నేల మీద కూర్చోవద్దు, మోకరించవద్దు అని డాక్టరు గారు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఇంట్లో విన్నాను, ఈ మందిరంలో మాత్రం వినలేదు! పాస్టరు గారు నాకోసం కుర్చీ వేయిస్తే దాన్ని గోడకు నెట్టి, చాప మీద శాంతమ్మ వదిన పక్కనే కూర్చుని మోకరించేదాన్ని. దేవుడి ఎదుట కుర్చీ ఏమిటని పైకి అన్నాను గానీ, రాహేలమ్మ ముసలిదైపోయిందని మీరు అనుకుంటారేమోనని నా బాధ. అది భక్తి కాదమ్మా, పొగరు! ఒక ఆదివారం ఆమెన్ అని లేవబోతే కీలు తప్పింది. లోపల ఎప్పటినుంచో వదులైపోయి ఉందంట.

నా కోడలు మార్తమ్మ ఏడుస్తూనే తిట్టింది. "ఏందత్తా నువ్వు! కుర్చీలో కూర్చుంటే దేవుడేమన్నా కొడతానన్నాడా?"

డాక్టర్లు తప్పిన కీలును అప్పటికి సర్ది, పాతది తీసి కొత్తది వెయ్యాలన్నారు. డెబ్బై తొమ్మిదేళ్ల ఒళ్లు, పల్చబడిన ఎముక, బలహీనమైన గుండె, బల్ల మీదే ప్రాణం పోవచ్చు, చెయ్యకపోతే ఇక మంచం దిగదు అన్నారు. కాస్త బలం పుంజుకున్నాక రమ్మంటే, మార్తమ్మ నాకు గుడ్లు, రాగిజావ పసిపిల్లకు పెట్టినట్టు పెట్టింది, మీరంతా ఉపవాసముండి ప్రార్థించారు.

ఆపరేషన్ రోజు నడుముకు మత్తు సూది ఇస్తుంటే, 'ప్రభువా, బతికితే నీ మందిరానికి నడిచొస్తాను, పోతే నీ దగ్గరికే వస్తాను, మార్తను మాత్రం ఏడిపించకయ్యా' అన్నాను. తర్వాత మత్తు కమ్మింది. ఎక్కడో సుత్తి చప్పుడు, ఠంగు ఠంగుమని. అది నా తుంటిలోదేనని తర్వాత చెప్పారు, అప్పుడు మాత్రం నేను మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో ఉన్నాను, ఎప్పుడో పోయిన మా ఆయన రాయి కొడుతున్నాడు, ఎండ తెల్లగా ఉంది, ధూళి మంచులాగా మెల్లగా దిగుతోంది, నాకు ఎక్కడా నొప్పి లేదు. ఆ ధూళిలోంచి ఒకాయన వచ్చాడు. మొహం చూడలేకపోయాను. చేతిలో నేను గోడకు నెట్టిన కుర్చీ ఉంది. భుజం మీది తువ్వాలుతో దాన్ని దులిపి, నా ముందు వేసి, ఆయన నిలబడ్డాడు. నన్ను కూర్చోమని ఆయన నిలబడ్డాడు సహోదరులారా! నేను కూర్చున్నాను.

కళ్లు తెరిస్తే మార్త నా చెయ్యి పట్టుకుని ఉంది. రెండు రోజులకు వాకరు పట్టుకుని నాలుగడుగులు వేశాను. ఆ డాక్టర్ల చేతులను నడిపించిన దేవునికే మహిమ!

ఇవాళ మందిరానికి నడిచొచ్చాను, కుర్చీలో కూర్చునే చెబుతున్నాను. నొప్పిని ఆయన దగ్గర దాచకండి, ఆయనను నమ్మండి, మీరు చిన్నబోయేట్టు ఆయన చెయ్యడు. ఇదిగో, నా పక్కన ఇంకో కుర్చీ దులిపి వేయించాను. శాంతమ్మ వదినా, ప్రార్థనయ్యాక నువ్వు నా భుజం పట్టుకుని లేచేదానివి, నాకు తెలియదనుకున్నావా? రా, కూర్చో.