గడప దగ్గర మణి అన్న మాట

మొన్న మే నెలలో ఒక మంగళవారం పొద్దున పక్కింటి ఆవిడ చెంబునిండా అంబలి తెచ్చింది. పులిసిన రాగిపిండి వాసన, అందులో తరిగి వేసిన ఎర్రగడ్డల వాసన, చెంబు మెడకు చుట్టిన వేపాకు వాసన మూడూ కలిసి ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "తీసుకోక్కా, గంగమ్మ అంబలి" అని ఆమె నవ్వుతూ అందిస్తుంటే, మా ఇంట్లో తాగరని చెప్పి తలుపు వేసేశాను. తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషి జాతర అంబలి వద్దంటుందా అని ఆమె వీధంతా చెప్పుకుంటోందట. చెప్పుకోనీ. నాకు గంగమ్మ మీద కోపం లేదు. ఆ తల్లి పేరు చెప్పుకుని మా ఇంటివాళ్ళం మా చెల్లెలికి చేసిన దాని మీద కోపం. నలభై అయిదేళ్ళు దాటినా అది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మా ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో ఒకదానిలో ఉండేది. ముందు భాగం అంగడి, వెనక భాగం ఇల్లు. అంగడిలో నాయన గాజులు, పసుపు, కుంకుమ అమ్మేవాడు కాబట్టి మా బట్టలకూ, బడి పుస్తకాలకూ, ఒక్కోసారి మేం తినే పెరుగన్నానికీ పసుపు వాసనే. ఎండాకాలం వచ్చిందంటే తిన్నె మీద తడిగోనె పరిచి, దాని మీద బోర్లా పడుకుని, చింతగింజలతో వామనగుంటలు ఆడుతూ, ఉప్పూ కారం అద్దిన తోతాపురి ముక్కలు కొరుకుతూ, పళ్ళు పులిసిపోతే అమ్మ కలిపిన నన్నారి నీళ్ళు తాగుతూ మధ్యాహ్నాలు గడిపేవాళ్ళం. లోపల మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, చిన్న రోట్లో వక్కా ఆకూ దంచుకుంటూ కూర్చునేది. ఇంట్లో ఆమె మాటే చెల్లేది. అంగడిలో గొంతు చించుకుని బేరాలాడే నాయన, లోపలికి వచ్చాక అవ్వ ముందు నోరు మెదిపేవాడు కాదు. ఆ మామిడికాయ ముక్కలు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది, నోరూరినందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

మా చెల్లెలు నాగమణి నాకంటే మూడేళ్ళు చిన్నది. మణి మాట్లాడేది. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళంతా పుట్టుమూగ అనుకుంటారు. అది మాట్లాడేది, ఆ మాటను పోగొట్టింది మేము. మనం ఏదైనా అడిగితే బదులు చెప్పేది కాదు, పిలిస్తే పలికేది కాదు, ఎవరి మొహంలోకీ చూసేది కాదు, నిజమే. కానీ ఎక్కడో విన్న మాటను విన్నట్టే, అదే గొంతుతో, అదే సాగదీతతో తిరిగి అనేది. దాహమేస్తే ఐసు బండివాడి గొంతుతో "పాలైసూ, పాలైసూ" అంటూ నీళ్ళకుండ దగ్గర నిలబడేది. ఆకలేస్తే అమ్మ గొంతుతో "తిందువు రా మే" అని తనను తానే పిలుచుకునేది. బయటికి పోవాలనిపిస్తే కండక్టరు గొంతుతో "తిరుచానూరు, తిరుచానూరు, రైట్ రైట్" అని వాకిట్లో గిరగిరా తిరిగేది. దాహం, ఆకలి, షికారు. ఇంతకంటే స్పష్టంగా ఏడేళ్ళ పిల్ల ఇంకేం చెప్పాలి? కానీ అవ్వ దానికి పిచ్చిబిడ్డ అని పేరు పెట్టింది, బళ్ళో అయ్యవారు రెండో రోజే ఇంటికి పంపించేశాడు, ఆ పేరే ఖాయమైపోయింది.

దానికి చప్పుళ్ళంటే భయం. పక్క వీధిలో తప్పెట మోగినా చెవులు మూసుకుని పసుపు మూటల మధ్య దూరేది. తలకు నూనె పెట్టబోతే ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచేది. అదే పిల్ల అంగడిలో కూర్చోబెడితే పూటలు పూటలు కదలకుండా, గాజులను రంగుల వారీగా, అందులో మళ్ళీ చేతుల కొలతల వారీగా ఏరి వెదురు కర్రలకు ఎక్కించేది, ఒక్కటి తప్పు పోయేది కాదు. నాయన ఆ పని హాయిగా చేయించుకునేవాడు. నేనూ తక్కువ తినలేదు. వీధి పిల్లల్ని పోగుచేసి, మణిని తిన్నె మీద నిలబెట్టి, అవ్వ దగ్గునీ అయ్యవారి తిట్లనీ దానిచేత అనిపించి అందరినీ నవ్వించేదాన్ని. దాని వల్ల నాకు వీధిలో పెద్ద పేరుండేది.

మే నెలలో జాతర వచ్చేది. చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. ఒకరోజు సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు ఒళ్ళంతా పూసుకుని, వేపమండలు నడుముకు చుట్టుకుని, మగవాళ్ళూ మగపిల్లలూ వేషాలు వేసి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. గడప ముందు నిలబడి, చెయ్యి చాపి, ఇంట్లోవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. ఆ తిట్లలో ఇక్కడ రాయగలిగినంత మెత్తటిది ఒక్కటే, "నీ పాడె గట్ట." అట్లా తిడితే అమ్మవారికి ఇష్టమని, తిట్లు తిన్న ఇంటికి ఆ ఏడు అమ్మోరు పొయ్యదని నమ్మకం. అందుకని తిట్టించుకున్నవాళ్ళు మొహం విప్పార్చుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, అంబలి తాగించి పంపేవాళ్ళు. మా అవ్వయితే "ఇంగో మాట తిట్టు నాయనా" అని అడిగి మరీ తిట్టించుకునేది.

ఆ ఏడు నాకు పదేళ్ళు, మణికి ఏడు. బొగ్గు వేషం రోజున మణి పొద్దుటి నుంచీ తలుపు చాటున నిలబడి, చెవుల మీద చేతులు పెట్టుకుని, వచ్చిపోయే వేషగాళ్ళనే చూస్తూ పెదవులు కదిలిస్తూ ఉంది. సాయంత్రానికి తిన్నె ఎక్కి, అందరికంటే గట్టిగా తిట్టిన మనిషి గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆ తిట్లన్నీ అప్పజెప్పింది. ఏడేళ్ళ ఆడపిల్ల నోట ఆ మగగొంతు వినేసరికి వీధి వీధంతా ఉలిక్కిపడింది. గంగమ్మ పూనినాది అని ఎవరో అన్నారు. అంతే. దాని మొహానికి కుంకుమ మెత్తారు, మెడలో వేపమండలు వేశారు, ముక్కు దగ్గర కర్పూరం వెలిగించారు, తప్పెటగాళ్ళను పిలిచి చెవి పక్కనే వాయించారు. మణి కేకలు పెట్టింది, తన మణికట్టు తనే కొరుక్కుంది. అమ్మవారు ఆగ్రహించినారని ఇంకా గట్టిగా వాయించారు. ఒకామె కాళ్ళ మీద పడి "మా బిడ్డకు ఎప్పుడు నయమవుతాది తల్లీ" అని అడిగితే, మణి ఆమె గొంతుతోనే ఆ ప్రశ్నను తిరిగి అడిగింది. దానికీ ఏదో అర్థం చెప్పుకుని ఆమె సంతోషంగా పోయింది. అవ్వ పక్కనే పీట వేసుకుని కూర్చుని, అప్పటిదాకా పిచ్చిబిడ్డ అన్న నోటితోనే "మా ఇంటి తల్లి" అంది. కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడింది నేను.

జాతర ముగిసింది. వేషాలు కడుక్కున్నారు, తిట్లు మానుకున్నారు. మానుకోవాలని ఊరందరికీ తెలుసు, మణికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, అమ్మవారికి ఎవరైనా చెబుతారా.

మూడు వారాల తర్వాత మా పెద్దనాయన, అంటే నాయన వాళ్ళన్న, వేలూరు ఆసుపత్రిలో కడుపుకు ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చాడు. అంగడి పెట్టించింది ఆయనే, అందుకని మా ఇంట్లో ఆయనకు దేవుడంత మర్యాద. మనిషి సగమైపోయి, చొక్కా వేలాడుతూ, గుమ్మం ముందు కారు దిగాడు. మేమంతా ఎదురు వెళ్ళేలోపల మణి మమ్మల్ని తోసుకుని ముందుకు పోయింది. అది పుట్టి ఎన్నడూ ఎవరికీ ఎదురు పోలేదు. ఆ రోజు పోయింది. గడప లోపల నిలబడి, తల ఎత్తి, ఆయన మొహంలోకి చూసింది. చెయ్యి చాపింది. "నీ పాడె గట్ట" అంది, నవ్వుతూ.

పెద్దనాయన మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ మణి రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చింది. "ఆ నోటికి సురక పెడితే గాని బుద్ధి రాదు. పసుపుకొమ్ము తీస్కరా మే" అంది నాతో.

నేను పరుగెత్తాను. అంగడిలో మూట విప్పి, సన్నవి పక్కన పెట్టి, లావుగా గట్టిగా ఉన్నదాన్ని ఏరి తెచ్చాను. మంచిదే తెచ్చినావు అనిపించుకోవాలని. అమ్మ ఏడుస్తూనే మణి చేతులు పట్టుకుంది. నాయన అంగడిలోకి పోయి గాజుల దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. పెద్దనాయన "సిన్నబిడ్డ, ఇడిసిపెట్టండి" అని ఒక్క మాట అని ఉంటే అవ్వ చెయ్యి ఆగిపోయేది, ఆయన ఆ మాట అనకుండా సోడా తాగాడు. అవ్వ దీపంలో కొమ్ము కొన మండించి, మణి కింది పెదవి మీద పెట్టింది. మణి ఏడవలేదు. అవ్వ గొంతుతోనే "పసుపుకొమ్ము తీస్కరా మే" అంది. ఎగతాళి చేస్తోందని అవ్వ పై పెదవి మీద కూడా పెట్టింది. ఆ తర్వాత మణి నోట ఇంకో మాట ఈనాటిదాకా నేను వినలేదు.

పుండు మానింది, మాట రాలేదు. గంగమ్మే నోరు కట్టేసినాది అని అవ్వ వీధిలో చెప్పుకుంది, వీధి నమ్మింది. తాయెత్తులు కట్టారు, శ్రీకాళహస్తి తీసుకుపోయి పూజలు చేయించారు, జాతర చివర పంచిన అమ్మవారి విగ్రహం మట్టిని నీళ్ళలో కలిపి తాగించారు. కొన్నాళ్ళకు అవీ మానేశారు. నిజానికి మూగపిల్ల వాళ్ళందరికీ సుఖంగానే ఉంది, అది ఎవరినీ ఏమీ అనదు, గాజులు ఏరి పెడుతుంది. పెద్దనాయన ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దుక్కలా బతికాడు. ఆయనకు పాడె కట్టాల్సిన తొందర ఎవరికీ రాలేదు.

నా కూతురి కొడుక్కి ఇప్పుడు నాలుగేళ్ళు. వాడు అపార్టుమెంటు లిఫ్టు గొంతుతో మాట్లాడతాడు. పోయిన ఏడాది డాక్టరుకు చూపిస్తే ఆటిజం అంది. మా అమ్మాయి వయసే ఉంటుంది ఆ డాక్టరుకు. వాడు తిరిగి అనే మాటలే వాడి మాటలు, ఏ సమయంలో ఏది అంటున్నాడో చూసుకుని దానికి బదులివ్వండి, సొంతమాటలు మెల్లగా అందులోంచే రావచ్చు అని చెప్పింది. నేను ఉండబట్టలేక మణి సంగతి చెప్పాను. అంతా విని, రాస్తున్న కలం పక్కన పెట్టి, "ఆమె ఆయన్ని పలకరించిందమ్మా. గడప దగ్గరికి వచ్చిన మనిషిని ఏమని పలకరించాలో ఊరు నేర్పింది, ఆమె అదే అంది" అని చెప్పింది.

మణి జీవితంలో ఒకే ఒక్కసారి ఒక మనిషిని చూసి రమ్మని పిలిచింది. పిలిచిన నోటిని మేం కాల్చాం. ఆ రోజుల్లో ఆటిజం అన్న పేరు ఎవరికి తెలుసులే అని మా అమ్మాయి నన్ను ఓదారుస్తుంది. పేరు తెలియకపోతే నిప్పు పెట్టాలా? పాలైసు అంటే దాహమని తెలుసుకోవడానికి డాక్టరు చదువు కావాలా? ఎవరిని అడగాలి ఈ మాటలు. అవ్వ పోయింది, నాయనా పెద్దనాయనా పోయారు, అమ్మ పోయేముందు మణి చెయ్యి పట్టుకుని ఏడ్చి పోయింది. తిన్నె లేదు, అంగడి ఉన్నచోట నాలుగంతస్తుల లాడ్జి లేచింది. జాతర జరుగుతోంది గాని, వేషాలు ఫోటోలకు నిలబడుతున్నాయి, గడప ముందు నిలబడి మనసారా తిట్టేవాళ్ళు మా వైపు కనబడడం లేదు. వేషాలు పోయినందుకు నాకు దిగులు లేదు. ఆ ఎండాకాలాలన్నిటిలోనూ నాకు తిరిగి కావలసింది ఒక్కటే, అది మా చెల్లెలి గొంతు.

మణి నా దగ్గరే ఉంటుంది, జుట్టు సగం తెల్లబడింది. సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వచ్చినప్పుడు నేను వెంటనే లోపలికి పోను. గడప బయట నిలబడి, సంచీ కింద పెట్టి, చెయ్యి చాపి, "నీ పాడె గట్ట" అంటాను. పక్కింటివాళ్ళు వింటారు, విననీ. ఆ మాట వినగానే మణి గదిలోంచి వస్తుంది. గడప దాకా వచ్చి, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడుతుంది.