మామిడితోటలోంచి చెయ్యి పట్టి నడిపించిన దేవుడు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. నా పేరు సుగుణ. ఎనభైల్లో, పెళ్లయిన కొత్తలో, నేను వరసగా కడుపులు పోగొట్టుకున్నాను. నెల తప్పేది, సంతోషపడేలోపే పోయేది, కొన్నాళ్లకు అదీ లేక నెలసరే దారి తప్పింది, ఊళ్లో సీమంతాలకు నన్ను పిలవడం మానేశారు.

అప్పుడు మేము ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటలో పాక వేసుకుని ఉండేవాళ్లం. మా ఆయన దానియేలు తోటకి కాపలా, చెట్లకి పురుగుమందు కొట్టేదీ ఆయనే. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుండె నిండిపోతుంది! పూత వస్తే తోటంతా తియ్యటి వాసన, సాయంత్రం పాక ముందు చాప వేసుకుని ఇద్దరం ప్రభువు పాటలు పాడుకునేవాళ్లం, వేసవిలో రాలిన చిన్నరసాలు ఏరుకుని అన్నంలో పిండుకునేవాళ్లం. ఆ పూతకి పురుగు పడితే నేనే బావినుంచి నీళ్లు తోడి డ్రమ్ములో మందు కలిపి కర్రతో తిప్పేదాన్ని, చేతులకూ చీరకూ అంటేది, అదే చీరతో వంట చేసేదాన్ని, ఖాళీ అయిన మందు డబ్బా కడిగి అందులోనే తాగేనీళ్లు పోసుకునేవాళ్లం. వద్దని చెప్పినవారు లేరు, మాకూ తెలియదు.

ఎన్ని మందులు మింగినా గుణం లేక చివరికి నూజివీడులో ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ఆమె మొదట నేనేం పని చేస్తానని అడిగింది. అంతా విని నెమ్మదిగా చెప్పింది. “పిండం కడుపులో గోడకి అంటుకుని నిలబడాలమ్మా. నీకు అక్కడే తేడా వస్తోందేమో. పురుగుమందు ఒంట్లోకి వెళ్తే ఆడవాళ్ల కడుపుకి చేటని నా అనుమానం. ఖాయంగా చెప్పలేను. దానికి దూరంగా ఉండి చూడు.”

తోట వదిలితే పాకా పోతుంది, పనీ పోతుంది. ఇంటికొచ్చాక ఆయనే అన్నారు. “ఇంకో పని చూసుకుంటాను సుగుణా. నిన్ను మాత్రం ఆ డ్రమ్ము దగ్గర నిలబెట్టను.”

విస్సన్నపేటలో మా ఆడపడుచు ఇంటి పక్కన చిన్న గదిలో చేరాం, ఆయన సంతలో బస్తాలు మోశారు, ఆ భుజాల మీద కాయలు చూసి ఏడ్చేదాన్ని. చాలాకాలం ఏమీ జరగలేదు. తర్వాత నెల తప్పింది, సంతోషం కన్నా ముందు భయం వచ్చింది, రోజూ మోకాళ్ల మీదే ఉన్నాను. “ప్రభువా, నీ చిత్తమైతే ఈ బిడ్డను నిలబెట్టు. కాకపోతే నన్నైనా నిలబెట్టు” అని ప్రార్థించాను. ఆయన ఇద్దరినీ నిలబెట్టాడు! ఆడపిల్ల పుట్టింది, కృప అని పేరు పెట్టుకున్నాం.

మందు మానడం వల్లేనా అంటే నాకు తెలియదు, కానీ ఆ డాక్టరమ్మ నోట మాట పెట్టిందీ, నా భర్త మనసు కదిలించిందీ నా దేవుడే. ఆయనకే మహిమ!

పిల్లలు లేరని కుమిలిపోతున్న చెల్లీ, డాక్టరుకి చూపించుకో, ప్రభువును నమ్ముకో. ఆయన బిడ్డను ఇచ్చినా, ఇవ్వకపోయినా నీ చెయ్యి వదలడు. ఆరాధన అయ్యాక వెళ్లిపోకు. ఇద్దరం కలిసి ప్రార్థిద్దాం.