హఫర్ సైటులో చెరిపినా పోని గీత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి బయటికి వెళ్లిపోయే రకం నేను. ఈ సంగతి ఒకసారి మా బావమరిదికి చెబితే, "ఎండదెబ్బ తగిలుంటుంది బావా" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మకపోతే మానండి, నవ్వకండి.

సౌదీలో నితాకత్ గొడవ ముదిరిన రోజులవి. సొంత దేశస్థులను తగినంతమందిని పెట్టుకోని కంపెనీని ప్రభుత్వం ఎరుపు జాబితాలో వేసేది. ఎరుపులో పడితే అక్కడ ఉండడానికి మనకిచ్చే కార్డు, ఇఖామా, రెన్యువల్ కాదు. దానికి తోడు బయటి దేశాల పనివాళ్ల మీద తలకింతని లెవీ. మా కంపెనీ ఎరుపు అంచున వేలాడుతోంది. నాది హఫర్ అల్ బాతిన్ దగ్గర ఒక గోదాముల ప్రాజెక్టులో మ్యాపుల పని.

సైటు మొత్తం కంప్యూటర్లో మ్యాపుగా ఉంటుంది. అందులోంచి ఏటవాలు నేల, పైపులైన్ల పక్క నేల, వాన వస్తే నీళ్లు పారే వాదీ నేల ఒక్కొక్కటే తీసేస్తాం. తీసేసినది ఎర్రగా, కట్టుకోవడానికి పనికొచ్చేది పచ్చగా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ చేసేది అంతే, దానికి నేల గురించి ఏమీ తెలియదు. మాలో నేల తెలిసినవాడు రాజన్న ఒక్కడే.

రాజన్నది ఆర్మూరు పక్క పల్లె. సర్వే హెల్పరు. చేతిలో జీపీఎస్ పట్టుకుని సైటంతా నడిచి పాయింట్లు తెచ్చేవాడు. ప్రతి పాయింటుకీ ఒక పేరు కొట్టాలి. అందరూ ఒకటి, రెండు అని కొడితే, రాజన్న మొదటిదానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని కొట్టి, తర్వాత రెండు దగ్గర మొదలుపెట్టేవాడు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు కదా, ఆ అలవాటు. నేనెంత విసుక్కున్నా మానలేదు. "తొల్త ఒకటి అంటె కల్సిరాదు సార్" అనేవాడు.

సైటు తూర్పు కొసన కొంత పల్లపు నేల ఉంది. కంటికి చదునుగానే కనిపిస్తుంది. రాజన్న అక్కడ మట్టి పెళ్ల ఒకటి విరిచి నాకు చూపించాడు. లోపల పొరలు పొరలుగా ఉంది.

"మా చెరువు అడుగు మన్ను గిట్లనే ఉంటది సార్. ఈడ నీళ్లు నిలుస్తయ్. మనుషులను పండవెట్టేటట్టు లేదు ఈ జాగ" అన్నాడు.

ఆయన మాట మీద ఆ పల్లం చుట్టూ వాదీ గీత గీశాను. ఆ ముక్క ఎర్రబడింది.

తర్వాత నెలకే లెవీ భారం తగ్గించుకోవడానికి ఇంటికి పంపేవాళ్ల జాబితా తీశారు. అందులో రాజన్న పేరుంది. పదకొండేళ్లు ఆ ఎండలో నడిచిన మనిషిని ఒక్క సంతకంతో ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేశారు. నాకు కడుపు మండిపోయింది. మండి ఏం చేశాను? ఎయిర్‌పోర్టు బస్సెక్కించి వచ్చాను.

జులైలో ఒకరోజు పొద్దున మా ప్లానింగ్ మేనేజరు నన్ను పిలిచాడు. మనవాడే, కృష్ణా జిల్లా మనిషి. మెరక నేలంతా గోదాములకు కావాలట. "ఆ తూర్పు ముక్క పచ్చ చేసెయ్ శ్రీనూ. లేబర్ క్యాంపు అక్కడ పెడదాం" అన్నాడు.

అది వాదీ అని చెప్పాను.

"ఏవయ్యా, వానలు పడే దేశమా ఇది? నీ ఇఖామా రెన్యువల్ వచ్చే నెల్లోనే కదూ?"

ఆ రెండో ప్రశ్న చాలు నాకు. ఆయన ముందే గీత చెరిపేశాను. మూడొందల మంది పడుకోబోయే చోటు నా వేలి కింద పచ్చబడింది.

మర్నాడు పొద్దున ఫైలు తెరిస్తే ఆ ముక్క మళ్లీ ఎర్రగా ఉంది. పల్లం అంచు వెంబడి కొత్తగా నలభై ఒక్క సర్వే పాయింట్లు వచ్చి చేరాయి. మొదటిదాని పేరు లాభం. తర్వాతది రెండు. తీసిన సమయం ముందురోజు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటికి పావుగంట ముందు వరకు. వేసవిలో పన్నెండు నుంచి మూడు దాకా అక్కడ ఎవరినీ ఎండలో పని చేయించకూడదు. సైటులో పురుగు కూడా ఉండదు. జీపీఎస్ నా బీరువాలో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది.

పాత ఫైలేదో కలిసిపోయిందనుకుని చెరిపేశాను. మర్నాడు మళ్లీ అవే నలభై ఒకటి, కొత్త తేదీతో. ఈసారి కోపం వచ్చింది. నాతో ఎవడో ఆటలాడుతున్నాడు. కానీ ఎవడు? ఆఫీసులో ఉన్నది ఒక ఈజిప్టు ఇంజనీరు, ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒక పాకిస్తానీ డ్రైవరు. మన కల్లం లెక్క వాళ్లకెలా తెలుస్తుంది? తెలిసినవాడు మేనేజరొక్కడే. ఆయనకి ఆ ముక్క పచ్చగా కావాలి.

ఆ రోజే జీపీఎస్ బ్యాటరీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. బీరువాకి తాళం వేసి, దాని తలుపుకి కుర్చీ ఆనించి పన్నెండు నుంచి మూడు దాకా కూర్చున్నాను. తిండికి కూడా లేవలేదు. మూడింటికి తలుపు తీసి జీపీఎస్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. గదిలో ఏసీ వణికిస్తోంది. బటన్ల సందుల్లో సన్నని ఇసుక. బ్యాటరీ పెట్టి చూస్తే లోపల నలభై ఒక్క పాయింట్లు, ఆ మధ్యాహ్నానివి. వాటిని నా పెన్‌డ్రైవ్‌లో దాచాను.

రాజన్నకి ఏమైనా అయిందేమోనని భయం పట్టుకుని ఆ సాయంత్రం ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. పసుపు చేను సంగతులు చెప్పాడు. ఒంట్లో ఎలా ఉందని మాత్రమే అడిగాను.

"ఏం బాగ సార్. మూడు దినాల సంది పగటిపూట రెండున్నరకు మంచంల పడితె ఐదున్నర దాక మెలకువ అస్తలేదు. లేస్తె అరికాళ్లు మండుతున్నయ్. డాక్టరేమో ఏం లేదంటుండు."

సౌదీలో పన్నెండు గంటలైతే మనకు రెండున్నర. అక్కడ మూడైతే ఇక్కడ ఐదున్నర. పాయింట్ల సంగతి నేనేమీ చెప్పలేదు.

ఆయనే అడిగాడు. "సార్, గా తూర్పు జాగల ఎవ్వలను పండవెడ్తలేరు గద?"

"లేదు రాజన్నా" అన్నాను.

మర్నాటి నుంచి పాయింట్లు రాలేదు. చివరిసారి చెరిపాక ముక్క పచ్చగానే ఉండిపోయింది. వారం చూసి మ్యాపు పంపేశాను, కింద తయారుచేసినవాడిగా నా పేరుతో. ఇంకొక్క రోజు ఆ పాయింట్లు వచ్చి ఉంటే పంపేవాణ్ణి కాదనిపిస్తుంది. ఇది కూడా అబద్ధమేనేమో. ఇఖామా మాత్రం రెన్యువల్ అయింది.

క్యాంపు కట్టారు. చలికాలంలో ఒకరోజు ఎగువన వాన కొట్టి, పొద్దున పదింటికి నీళ్లు ముంచుకొచ్చాయి. పగటి షిఫ్టు వాళ్లు పనిలో ఉన్నారు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు క్యాబిన్ల పైకప్పులెక్కి బతికారు. ఒక్కడు ఎక్కలేదు. కడప వైపు మేస్త్రీ, రమణ. జ్వరం మాత్ర వేసుకుని నిద్రపోతున్నాడు. ఆ మనిషి పేరు నాకు తెలిసింది రిపోర్టు టైపు చేస్తున్నప్పుడు.

మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "దైవఘటన అని రాయి, మనకి ముందే తెలిసే అవకాశం లేదని రాయి" అన్నాడు. జన్మలో మొదటిసారి ఒక మేనేజరు మీద కుర్చీ ఎత్తాను. పక్కవాళ్లు పట్టుకున్నారు.

నీళ్లు ఎంతవరకు వచ్చాయో కొలవడానికి వెళ్లింది కూడా నేనే. ఎండిన బురద అంచు వెంట నడిచి పాయింట్లు తీశాను. పెన్‌డ్రైవ్‌లో దాచినవాటితో కలిపి చూశాను. ఆ చేతి జీపీఎస్ పదడుగులు అటూ ఇటూ చూపించడం మామూలే. కానీ ఆ నలభై ఒకటిలో ఒక్కటీ బురద అంచు తప్పలేదు. రెండు ఫైళ్లూ ప్రాజెక్టు యజమానులకు పంపాను. వారంలో నాకూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. మేనేజరు అక్కడే ఉన్నాడు.

తిరిగొచ్చాక ఆర్మూరు వెళ్లాను, అంతా చెప్పేద్దామనే. రాజన్న నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో. కాళ్ల సంగతి అడిగాను.

"మీ ఫోన్ అచ్చిన తెల్లారి సంది మంచిగైంది సార్. ఎవ్వలను పండవెడ్తలేరని మీరు చెప్పినంక పాణం నిమ్మళమైంది" అన్నాడు.

వాళ్లింట్లో టీ తాగి వచ్చేశాను. రమణ పేరు ఎత్తలేకపోయాను. ఆ మూడు మధ్యాహ్నాలు ఆ నిప్పుల్లో నడిచిందెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ నడక ఆపించింది మాత్రం నేనే.