మందు రాసి వదిలిన చేప

పార్టీల పగలతో ఊళ్ళు రెండుగా చీలిన రోజులవి. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో నా పక్కన కువైట్‌లో వంటపని చేసే ఒకాయన కూర్చున్నాడు. ఎండాకాలంలో తను పనిచేసే ఇంటి సేటు కుటుంబంతో ఏదో చలిదేశం పోయినప్పుడు అక్కడి చెరువు చూశాడట.

"గొర్రెపిల్లంత చేపను గాలమేసి పడతారు పెద్దమ్మా. తూకమేసి, ఫోటో దిగి, గాలం గుచ్చుకున్న కాడ మందు రాసి మళ్ళా నీళ్ళల్లోకే ఇడుస్తారు."

"చేతికొచ్చిన కూరను నీళ్ళపాలు చేసేదేందప్పా? తిండెక్కువైన జనం!"

"నేను ఉల్లిగడ్డలు గూడా తరిగి పెట్టుకుంటి" అని పగలబడి నవ్వాడు.

ఆ నవ్వుకు మెత్తబడి, "ఏ ఊరప్పా నీది?" అని అడిగేశాను. ఊరి పేరు చెబితే ఏ పార్టీయో తెలిసిపోతుందని ఆ రోజుల్లో బస్సులో ఎవరూ ఆ మాట అడిగేవారు కాదు. అది నాకూ తెలుసు. ఆయన అటూ ఇటూ చూశాడు. పెద్దమ్మా అని పిలిచిన నోటితో అబద్ధం చెప్పలేకపోయాడేమో, మెల్లగా చెప్పాడు. ముందు సీటులోని ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

ఆయన దిగినచోటే వాళ్ళూ దిగారు. నేను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను. మరునాడు ఆ దారిలో ఎవరినో నరికారని మా వీధిలో చెప్పుకున్నారు. ఎవరినని నేను అడగలేదు.