తల వంచకుండా ఒక ముద్ద

మోచేతికి ఆపరేషన్ అయ్యాక నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. నా కుడిచెయ్యి నా నోటిదాకా రావాలి.

అంతకు ముందు కోడుమూరు దగ్గర మా ఊళ్లో, కొళాయి కాడ జారిపడి మోచెయ్యి విరిగింది. కట్టు విప్పేసరికి అది కొడవలిలా వంగి బిగుసుకుపోయింది. పూర్తిగా చాచలేను, పూర్తిగా మడవలేను. కర్నూలులో ఆపరేషన్ చేసి ఆ బిగువు వదిలించారు. మిగతా పని నీదేనమ్మా అన్నారు.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి నాకంటే మా అత్తకే గట్టిగా చెప్పింది. "నూనె పెట్టి తోమొద్దు. ఎవరూ పట్టి వంచొద్దు. అన్నం ఆ చేత్తోనే తిననీ పెద్దమ్మా. చెయ్యి నోటి దగ్గరికి రావల్ల గానీ, నోరు చేతి దగ్గరికి పోగూడదు."

అత్తకు ఆ చివరి మాట బాగా పట్టింది. అప్పటినుంచి నేను కంచం ముందు కూర్చుంటే చాలు, ఎదురుగా వచ్చి కూర్చునేది. చిన్నప్పుడు నేను బడికి పోలేదు, పుట్టింట్లో అమ్మ దగ్గరే చదువుకున్నాను. ఇంటి పంతులమ్మలకు సెలవులుండవని నాకు ముందే తెలుసు. కానీ అత్త ముందు మా అమ్మ ఏపాటి!

చెయ్యి గడ్డానికి జానెడు దూరంలో ఆగిపోయేది. అత్త చూపు అటు తిరగగానే మెడ చాచి ముద్ద అందుకునేదాన్ని.

"ఏమ్మే, కోడి మాదిరి పొడుసుకుంటాండావు?"

"లేదత్తా, ప్రార్థన చేసుకుంటాండా."

"ముద్దముద్దకూ ప్రార్థనా? దేవునికి వేరే పన్లు ల్యావా?"

నా చెయ్యి అలిసిపోయాక మిగిలిన అన్నం ఆమే కలిపి పెట్టేది. నాకు గిట్టని సొరకాయ పప్పయితే ముద్దలు మరీ పెద్దవిగా ఉండేవి. "నోరు బాగనే పని చేస్తాండాది గదా, తెరువు" అనేది.

చెయ్యి విరిగినప్పటినుంచి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కూడా ఆమే నా నోట్లో పెట్టేది. ఎడమ చేత్తో తీసుకున్నా ఫరవాలేదని పాస్టరు అయ్యగారు అన్నారు గానీ నాకు మనసొప్పలేదు. గడ్డానికీ చేతికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం మిగిలినప్పుడు, ఈసారి నా కుడిచేత్తో నేనే తీసుకుంటానని అత్తతో చెప్పాను. నా ధైర్యమంతా ఒక ఉపాయం మీదే. బల్ల దగ్గర ఎంత వంగితే అంత భక్తి. ఇంట్లో దొంగతనమైన పని అక్కడ దైవభయం అవుతుంది.

ఆ ఆదివారం ఆడవాళ్లమంతా వరుసగా మోకరించాం. అయ్యగారు నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు. నేను ఎంతో వినయంగా తల వంచాను.

"తలెత్తు" అంది పక్కన మోకరించిన అత్త, గుసగుసగా.

"అత్తా, బల్ల కాడ..."

"దేవుడు చూస్తాండాడు. నేనూ చూస్తాండా. తలెత్తు."

ఎత్తాను. చెయ్యి పైకి లేచింది. ఇంకొంచెం వచ్చి ఆగింది. అయ్యగారు ద్రాక్షరసం గిన్నెతో వచ్చి నా ముందు నిలబడ్డారు. వరుస వరుసంతా నా మోచేతి కోసం కాచుకొని ఉంది.

"ఊపిరి బిగబట్టొద్దమ్మే, వదులు" అంది అత్త. ఈసారి ఆ గొంతులో గద్దింపు లేదు.

వదిలాను. చెయ్యి మరి కాస్త లేచింది. ఇంకా వేలెడు దూరం ఉందనగా, కంచెలో ఆకు అందుకునే మేకలా పెదవులు చాచి రొట్టె అందుకున్నాను. పెదవులు చాచొద్దని ఆ వ్యాయామాల అమ్మాయి చెప్పలేదు కదా.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది నవ్వని నాకు తెలుసు. వెనకున్న ఆమె మాత్రం ఏడుపనుకొని "స్తోత్రం!" అని గట్టిగా అంది. నేనూ మనసులో అన్నాను, నిజంగానే.

ఇంటికొచ్చాక అత్త నా ముందు కంచం పెట్టి వంటింట్లోకి పోయింది. రెండు ముద్దలు తిని పిలిచాను.

"అత్తా, మిగిలింది నువ్వు పెట్టవా?"

"నీ సెయ్యి వచ్చె గదా. నన్ను తిననీ. నేను వేడన్నం తిని శానా దినాలయింది."

ఇన్నాళ్లూ నాకు పెట్టాక ఆమె ఏం తింటోందో నేను అడగనే లేదు. వంటింట్లోంచి ఆమె రెండోసారి వడ్డించుకుంటున్న గరిటె చప్పుడు వినిపించింది. సగం అన్నం ఒళ్లో పోసుకుంటూ, నా ముద్దను నేనే మెల్లగా పైకి తెచ్చుకున్నాను.