పెరుగుతూనే ఉన్న గీత

ఆళ్లగడ్డ దగ్గరి పత్తి చేలల్లో ఒక్కరోజు కూలి మానేస్తే మరునాడు పిలవరు. అందుకే ఏడాది నిండని నా కూతురిని నెలనెలా బరువు తూయించడానికి అంగన్‌వాడీకి మా అత్తే ఎత్తుకుపోయేది. బిడ్డ కాళ్లు సన్నబడుతున్నాయని నేను అడిగినప్పుడల్లా అక్కడి టీచరు బరువుల కార్డు చూపించేది.

“బరువు గీత పచ్చరంగులోనే పోతాండాది కదమ్మా, బాగుందనే లెక్క,” అనేది.

నా కళ్లను కాదని ఆ కార్డునే నమ్మాను.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఆటోలో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు బిడ్డను తూచి, కార్డు చూసి, “ఇది ఈ బిడ్డదేనా?” అన్నాడు.

మా అత్త తల వంచుకుంది. “తూస్తే దిష్టి తగుల్తాదని నేనే వద్దంటి. టీచరు ఊరికే చూసి రాస్తాండె.”

వాళ్లిద్దరూ అలా అనుకుని ఏడు నెలలైందట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చూసి చెప్పడానికైతే నా కళ్లేం పాపం చేశాయి?

మూడో రోజు బిడ్డ పోయింది.

నెల దాటాక టీచరును నిలదీయడానికి పోయాను. ఆమె లోపల పిల్లలకు అన్నం పెడుతోంది. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. నా కూతురి పేరుకు ఎదురుగా ఆ నెల బరువు కూడా రాసి ఉంది.

పావు కిలో పెరిగింది.